బరువు తగ్గాలంటే బంగాళాదుంప మానక్కర్లేదు: తక్కువ ఖర్చుతో, తక్కువ నూనెతో వండుకునే పద్ధతి

డైట్ మొదలుపెట్టాం అని చెప్పగానే ఇంటా బయటా వినపడే మొదటి సలహా "ముందు దుంపలు మానెయ్" అని. ఆ మాట విని బంగాళాదుంప మానేసినవాళ్లు చాలామంది దాని బదులు ఇంకో గరిటె అన్నం పెట్టుకుంటారు, లేదా ఖరీదైన ఓట్స్ ప్యాకెట్లు కొంటారు. నా అభిప్రాయంలో ఇది దుంపకూ అన్యాయమే, మన పర్సుకూ అన్యాయమే.

లెక్క చూడండి. 100 గ్రాముల ఉడికించిన బంగాళాదుంపలో సుమారు 87 కేలరీలు ఉంటాయి. అదే 100 గ్రాముల తెల్లన్నంలో 130. దుంపలో ఐదింట నాలుగు వంతులు దాదాపు నీళ్లే, కొవ్వు లేనట్టే లెక్క. మరి చిప్స్ ప్యాకెట్‌లో? 100 గ్రాములకు 530 దాకా. దుంప అదే, మధ్యలో వచ్చి చేరింది నూనె.

కడుపు నింపే విషయంలోనూ దుంపకు మంచి పేరే ఉంది. 1995లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసానా హోల్ట్ బృందం 38 రకాల తిండిని సమానమైన కేలరీల్లో, 240 కేలరీల చొప్పున పెట్టి, తిన్నాక రెండు గంటల పాటు ఎవరికి ఎంత నిండుగా అనిపించిందో కొలిచింది. తెల్ల బ్రెడ్డును 100 అనుకుంటే తెల్లన్నానికి 138 వచ్చింది. ఉడికించిన బంగాళాదుంపకు 323. మొత్తం జాబితాలో మొదటి స్థానం దానిదే. తక్కువ కేలరీలతో ఎక్కువసేపు ఆకలి ఆపే తిండి బరువు తగ్గేవాళ్లకు ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. పైగా కిలో 30 రూపాయలు ఉందనుకుంటే, 150 గ్రాముల మధ్యస్థం దుంప నాలుగున్నర రూపాయలు.

అయితే మనం దాన్ని తినే తీరులో రెండు తప్పులున్నాయి. ఒకటి, నూనె పారేలా వేపుడు చేయడం. రెండోది, అసలైనది: బంగాళాదుంపను కూరగా లెక్కేసి కంచం నిండా అన్నంలో కలుపుకోవడం. అన్నం పిండి పదార్థమే, దుంపా పిండి పదార్థమే. ఈ రెండూ సరిచేసుకుంటే చాలు, వారానికి నాలుగు రోజులు దుంప తిన్నా ఇబ్బంది లేదు.

మొదటి పని: దుంపను అన్నం వాటాలో వేయండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినమంటుంది. ఆ 400 గ్రాముల్లో బంగాళాదుంపను కలపదు. చిలగడదుంప, కర్రపెండలం కూడా అందులోకి రావు. కాబట్టి బంగాళాదుంప వండిన రోజు "కూర అయిపోయింది" అనుకోకండి. ఇంకో కూరగాయో ఆకుకూరో ఉండాల్సిందే.

కంచంలో ఇలా అమర్చుకోండి. మామూలుగా 250 గ్రాముల అన్నం తినేవాళ్లయితే, దుంప ఉన్న పూట అన్నం 150 గ్రాములకు తగ్గించి, మధ్యస్థం దుంప ఒకటి, అంటే ఇంకో 150 గ్రాములు పెట్టుకోండి. అన్నం వల్ల 130 కేలరీలు తగ్గాయి, దుంప వల్ల 130 పెరిగాయి. కంచం మాత్రం ముందుకన్నా 50 గ్రాములు బరువెక్కింది, కడుపు కూడా ఎక్కువసేపు నిండుగా ఉంటుంది. మిగతా సగం కంచం టమాటా పప్పు, బీన్స్, క్యాబేజీ, తోటకూర, పెరుగు, గుడ్డు లాంటి వాటికి వదిలిపెట్టాలి. రెండు మూడు వారాలు వంటింటి కాటా మీద కొలుచుకుంటే తర్వాత కంటి చూపుతోనే తెలిసిపోతుంది. కాటా లేకపోతే మీ గుప్పిట్లో ఇమిడే దుంప ఒకటి, ఒక మనిషికి, ఒక పూటకి.

మసాలా దోసె, పూరీ కూర, ఆలూ పరాటా ఇక్కడే దెబ్బకొడతాయి. బియ్యమో గోధుమో ఒకవైపు, దుంప ఇంకోవైపు, రెండూ పూర్తి మోతాదులో పడతాయి. వాటిని నెలకోసారి ఇష్టంగా తినండి. రోజువారీ తిండిగా మాత్రం పెట్టుకోవద్దు.

ఏ దుంప కొనాలి, ఎక్కడ పెట్టాలి

గట్టిగా, నున్నగా, మట్టి అంటుకుని ఉన్నది తీసుకోండి. తొక్క మీద ఆకుపచ్చ ఛాయ ఉన్నది, మొలకలు వచ్చినది చవకగా ఇచ్చినా వద్దు. వెలుతురు తగిలినప్పుడు దుంపలో సొలనిన్ అనే విష పదార్థం పెరుగుతుంది, ఆ పచ్చరంగు దానికి గుర్తు. ఉడికించినా వేయించినా అది పూర్తిగా పోదు. ఇంట్లో ఉన్న దుంపకు చిన్న మొలక వచ్చి, దుంప గట్టిగానే ఉంటే మొలకను చుట్టూ లోతుగా కోసి పారేసి వాడుకోవచ్చు. మెత్తబడి ముడతలు పడితే, లేదా పచ్చదనం బాగా పాకితే మొత్తం పారేయండి. చేదుగా అనిపించిన ముక్క మింగవద్దు.

తెలంగాణలో జహీరాబాద్ ప్రాంతపు కొత్త దుంప చలికాలం చివర్లో మార్కెట్‌కి వస్తుంది. తొక్క పల్చగా ఉంటుంది, గోటితో గీరితే ఊడొస్తుంది. ఇది ఉడికాక విరగకుండా నిలబడుతుంది కాబట్టి కూరకీ పెరుగు పచ్చడికీ బాగుంటుంది. మిగతా నెలల్లో మనకు దొరికేది ఎక్కువగా ఆగ్రా వైపు కోల్డ్ స్టోరేజీల నుంచి వచ్చే సరుకు. చల్లదనంలో నిలవ ఉన్న దుంపలో పిండి కొంత చక్కెరగా మారుతుంది. అందుకే కొన్నిసార్లు కూర తియ్యగా ఉంటుంది, వేపుడు లోపల ఉడకకముందే పైన నల్లబడుతుంది. అలాంటి దుంపను ఉడికించి పులుసులోనో చారులోనో వేసుకోవడం మేలు.

ఇదే కారణంగా పచ్చి దుంపలు ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టకండి. గోనెసంచిలోనో వెదురు బుట్టలోనో వేసి, వెలుతురు తగలని, గాలి ఆడే మూల పెట్టండి. ఉల్లిపాయలతో కలిపి ఒకే బుట్టలో వేయొద్దు, రెండూ త్వరగా పాడవుతాయి. చవకగా వస్తోందని పది కిలోలు కొని సగం పారేసేకన్నా, వారం పది రోజులకు సరిపడా రెండు మూడు కిలోలు కొనుక్కోవడమే అసలు పొదుపు.

వారానికి రెండుసార్లు ఉడికించి పెట్టుకోండి

ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం పని అయిపోయినట్టే. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఉడికిన దుంప డబ్బాలో సిద్ధంగా ఉంటే, నూనె ప్యాకెట్ వైపూ స్విగ్గీ వైపూ చెయ్యి పోదు.

ఒకే సైజు దుంపలు ఏరి, బ్రష్షుతో మట్టి పోయేలా కడగండి. తొక్క తీయొద్దు, కోయొద్దు. కోసి నీళ్లలో ఉడికిస్తే విటమిన్ సి, పొటాషియం ఆ నీళ్లలోకి పోతాయి. కుక్కర్ అడుగున గ్లాసున్నర నీళ్లు పోసి, దుంపలు పొడి గిన్నెలో వేసి, ఆ గిన్నెను స్టాండు మీద పెట్టండి. గిన్నెలో నీళ్లు అక్కర్లేదు, ఆవిరికే ఉడుకుతాయి. మధ్యస్థం దుంపకు మూడు విజిళ్లు, చిన్నవైతే రెండు. తర్వాత ప్రెషర్ దానంతటదే పోనివ్వండి. అదే కుక్కర్లో పైగిన్నెలో పప్పు పెట్టేస్తే గ్యాస్ కూడా కలిసొస్తుంది. చాకు దింపితే కొంచెం బిగువుగా దిగి బయటికి శుభ్రంగా రావాలి. ముద్దలా ఉడికితే వేపుడుకు పనికిరాదు.

వేడి తగ్గాక, రెండు గంటల్లోపు మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు రోజుల్లో వాడేయాలి. వేసవిలో రాత్రంతా గట్టు మీద వదిలేసిన ఉడికిన దుంప మర్నాడు వాడొద్దు.

ఇలా చల్లార్చడంలో ఇంకో లాభం ఉంది. ఉడికిన దుంప చల్లబడ్డప్పుడు అందులోని పిండిలో కొంత భాగం చిన్నపేగుల్లో అరగని రూపంలోకి మారుతుంది. దాన్నే రెసిస్టెంట్ స్టార్చ్ అంటారు. అది పీచు లాగే పని చేస్తుంది, పెద్దపేగుల్లోని మంచి బాక్టీరియాకు ఆహారమవుతుంది, రక్తంలో చక్కెర పెరిగే వేగం కొంత తగ్గుతుంది. మళ్లీ వేడి చేసినా అందులో చాలావరకు అలాగే ఉంటుంది. అయితే ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన కేలరీలు మాయమైపోవు, తేడా కొద్దిగానే. దీన్ని అదనపు లాభంగానే చూడండి.

నూనెను కళ్లతో కాదు, స్పూనుతో పోయండి

అరకిలో దుంపలతో నలుగురికి వేపుడు చేశామనుకుందాం. పచ్చి దుంపల్లో ఉన్నది మొత్తం 385 కేలరీలు. ప్యాకెట్ వంచి ధారగా పోసి, అంటుకుంటోందని మధ్యలో ఇంకాస్త పోస్తే 90 మిల్లీలీటర్లు తేలిగ్గా అయిపోతుంది. ఆ నూనెలో సుమారు 740 కేలరీలు. అంటే దుంపకు దాదాపు రెట్టింపు. ఇంత చేసి తప్పు బంగాళాదుంప మీద వేస్తాం.

ముందు మీ ఇంట్లో స్పూను ఎంతో తెలుసుకోండి. దగ్గు మందు సీసాతో వచ్చే చిన్న కొలత కప్పు ఉంటుంది కదా, దాన్ని శుభ్రంగా కడిగి, 5 మిల్లీలీటర్ల గీత దాకా నూనె పోసి, మీరు వాడే స్పూనులోకి వంచి చూడండి. కొన్ని ఇళ్లలో "చిన్న స్పూను" అనుకునేది పది పట్టేస్తుంది. 5 మిల్లీలీటర్ల నూనెకు దగ్గరదగ్గర 40 కేలరీలు అని గుర్తుపెట్టుకోండి. వేరుశనగ నూనె అయినా, ఆలివ్ ఆయిల్ అయినా, నెయ్యి అయినా ఈ లెక్కలో పెద్ద తేడా రాదు.

నెల మొత్తానికి కూడా ఒకసారి చూసుకోండి. నలుగురున్న ఇంట్లో నెలకు మూడు లీటర్లు అయితే మనిషికి రోజుకు 25 మిల్లీలీటర్లు పడుతున్నట్టు, అది ఫరవాలేదు. ఐదు లీటర్లు అయితే 40 దాటుతోంది. ఆ తేడా ఒక్కటే మనిషికి రోజుకు సుమారు 135 కేలరీలు. నెలకు రెండు ప్యాకెట్లు తగ్గితే ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోవచ్చు.

మూడు స్పూన్ల వేపుడు

పప్పుచారు పక్కన ఎర్రగా వేగిన దుంప ముక్కలు లేకపోతే భోజనం చేసినట్టే ఉండదు అనేవాళ్లు మన దగ్గర చాలామంది. వాళ్లను వేపుడు మానమని చెబితే నాలుగు రోజులకే డైట్ మొత్తం మానేస్తారు. అందుకే దీన్ని కాస్త వివరంగా చెబుతాను. నలుగురికి సరిపోయే కొలత.

ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టిన దుంపలు అరకిలో తీసుకోండి. చల్లగా ఉన్నప్పుడే తొక్క తీసి, లేదా కొత్త దుంపలైతే తొక్కతోనే, వేలి మందం ముక్కలు కోయండి. పొడి గుడ్డ మీద పరిచి పది నిమిషాలు ఆరనివ్వండి. పచ్చి ముక్కల మీద తడిగా ఉండే పిండి మూకుడుకు అతుక్కుంటుంది, దాన్ని విడిపించడానికే మనం మళ్లీ మళ్లీ నూనె పోస్తాం. ఉడికి, చల్లబడి, ఆరిన ముక్కకు ఆ బెడద తక్కువ.

వెడల్పాటి ఇనుప మూకుడు లేదా దోసె పెనం పెట్టండి. నీటి చుక్క వేస్తే చుర్రుమని ఎగిరిపోయేంత కాగాక మూడు చిన్న స్పూన్ల నూనె, అంటే 15 మిల్లీలీటర్లు వేసి అంతటా పాకేలా తిప్పండి. స్పూనుడు మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర వేసి చిటపటలాడాక కరివేపాకు, చిటికెడు పసుపు. వెంటనే ముక్కలు వేసి ఒకే వరసలో పరవండి. ఒకదాని మీద ఒకటి పడితే ఆవిరికి మెత్తబడతాయి తప్ప వేగవు. అందుకే పెనం చిన్నదైతే రెండు వాయిలుగా చేయండి. నూనె కూడా రెండు భాగాలు చేసుకోండి.

ఇప్పుడు నాలుగు నిమిషాలు ముట్టుకోవద్దు. మంట మధ్యస్థంగా ఉంచండి, మూత పెట్టొద్దు. అడుగున బంగారు రంగు పొర కట్టాక అట్లకాడను కిందకి పోనిచ్చి తిరగేయండి. పొర కట్టిన ముక్క తేలిగ్గా విడిపోతుంది, కట్టనిది పట్టుకుంటుంది. పట్టుకుంటే ఇంకో నిమిషం ఆగండి, గీకొద్దు. ఇలా మూడు నాలుగు సార్లు తిప్పేసరికి పదిహేను నిమిషాల్లో అన్ని వైపులా వేగుతాయి. బంగారు రంగులోనే దింపేయండి. దుంప బాగా మాడితే ఆక్రిలమైడ్ అనే మంచిది కాని పదార్థం ఎక్కువగా పుడుతుంది.

ఉప్పు చివర్లో వేయాలి, ముందే వేస్తే నీరొదులుతుంది. నాలుగు ఎండుమిర్చి, స్పూను ధనియాలు, అర స్పూను జీలకర్ర నూనె లేకుండా వేయించి, నాలుగు వెల్లుల్లి రెబ్బలతో బరకగా దంచిన కారం పొయ్యి ఆర్పేశాక చల్లి కలపండి. వెల్లుల్లి పచ్చివాసన ఆ వేడికే పోతుంది, ఘాటు మిగులుతుంది. నూనె తగ్గిందన్న లోటు తెలియకుండా చేసేది ఈ కారమే. ఇలా చేస్తే మనిషికి దుంప నుంచి వంద, నూనె నుంచి ముప్పై, మినప్పప్పుతో కలిపినా 150 లోపే. ధారగా పోసి చేసే పద్ధతిలో 280 దాకా ఉండేది. ఎయిర్ ఫ్రయర్ ఉంటే వాడుకోండి, దీనికోసం కొత్తగా కొనక్కర్లేదు.

పప్పుధాన్యం తోడు: శనగలు, దుంప కూర

దుంపకు ఉన్న లోటు ప్రోటీన్. 100 గ్రాములకు రెండు గ్రాములే. బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండా ఉండాలంటే దుంప పక్కన గుడ్డో, పప్పో, పెరుగో తప్పనిసరి. అన్నిట్లోకీ చవకగా, కడుపు నిండుగా ఉండేది శనగల కూర.

రాత్రి కప్పుడు శనగలు నానబెట్టండి. పొద్దున ఉప్పు వేసి ఐదారు విజిళ్లు రానివ్వండి. ఆ నీళ్లు పారబోయొద్దు. రెండు స్పూన్ల నూనెలో జీలకర్ర, రెండు ఉల్లిపాయల తరుగు వేసి వేయించండి. అంటుకుంటుంటే నూనె బదులు రెండు చెంచాల నీళ్లు చల్లండి. ఉల్లి మగ్గడానికి ఇదే మంచి ఉపాయం. అల్లం వెల్లుల్లి, మూడు టమాటాలు, పసుపు, కారం, ధనియాల పొడి వేసి టమాటా మెత్తబడ్డాక శనగలు, వాటి నీళ్లు, ఉడికిన మూడు దుంపలను ముక్కలు చేసి వేయండి. అందులో ఒక దుంపను చేత్తో నలిపి వేస్తే గ్రేవీ చిక్కబడుతుంది. జీడిపప్పు ముద్ద, కొబ్బరి, మీగడ ఏదీ అక్కర్లేదు. పది నిమిషాలు ఉడికాక కొంచెం గరం మసాలా, కొత్తిమీర. రెండు పుల్కాలతోనో, జొన్నరొట్టె ఒకదానితోనో తింటే రాత్రి భోజనం పూర్తయినట్టే. శనగలకు బదులు అలసందలు, రాజ్మా కూడా బాగుంటాయి.

గుడ్లు తినేవాళ్లకు ఇంకా సులువు. పులుసుకు చింతపండు రసం మరుగుతుండగా ఉడికిన దుంప ముక్కలు, ఉడికిన గుడ్లు మనిషికి ఒకటిన్నరో రెండో వేసి, చిన్న బెల్లం ముక్కతో దింపేయడమే. గుడ్డుకు ఆరు గ్రాముల ప్రోటీన్ వస్తుంది.

ఆకుకూరతో కలిపితే

రెండు దుంపలకు రెండు పెద్ద కట్టల మెంతికూర. అవును, అంత వేయాలి. హోటల్ ఆలూ మేథీలో ఆకు అలంకారానికి ఉంటుంది, మన కూరలో ఆకే ప్రధానం, దుంప ముక్కలు మధ్యమధ్యలో తగలాలి. స్పూనున్నర నూనె, ఎండుమిర్చి, వెల్లుల్లి పోపు, ఆకు మగ్గాక చల్లని దుంప ముక్కలు, ఉప్పు. పది నిమిషాల పని. పాలకూర, తోటకూర, గోంగూర ఏది చవకగా దొరికితే అది. ఇదే పద్ధతిలో క్యాబేజీ, బీన్స్, గోరుచిక్కుడు, వంకాయ కూడా వేసుకోవచ్చు. దుంప ఒక వంతు, ఆ కూరగాయ రెండు వంతులు. పిల్లలు ఆకుకూర తినరని బాధపడే ఇళ్లలో కూడా దుంప ఉంటే ఆ గిన్నె ఖాళీ అవుతుంది.

ఎండాకాలానికి పెరుగు పచ్చడి

నాకు వ్యక్తిగతంగా ఎక్కువ ఇష్టమైనది ఇదే. ఫ్రిజ్‌లోంచి తీసిన రెండు దుంపలను చిన్న ముక్కలుగా కోసి, కీరదోస ఒకటి తరిగి, చిలికిన పెరుగు రెండు కప్పులు, ఉప్పు, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, అల్లం కలపండి. స్పూను నూనెలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు. పది నిమిషాలు నాననిస్తే దుంపకు పులుపు పడుతుంది. చల్లని దుంప, పెరుగు పులుపు రెండూ కలవడం వల్ల చక్కెర మెల్లగా పెరుగుతుంది. మధ్యాహ్నం ఆఫీసు డబ్బాకు ఇది ఒక గిన్నె, పక్కన చిన్న గిన్నెలో పప్పన్నం, ఇక మూడు గంటలకు సమోసా గుర్తు రాదు.

ఒకవేళ గుర్తొస్తే, సాయంత్రం ఉడికిన దుంప ఒకటి, మొలకెత్తిన పెసలు గుప్పెడు, ఉల్లి, టమాటా, కొత్తిమీర, నిమ్మరసం, చాట్ మసాలా. నూనె చుక్క లేదు, ఇద్దరికి సరిపోతుంది.

ఏం చేయకూడదు

దుంపలు మాత్రమే తిని బరువు తగ్గే ప్రయోగాలు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. 2010లో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్ర బంగాళాదుంప కమిషన్ అధిపతి క్రిస్ వోయిట్ 60 రోజుల పాటు రోజుకు 20 దుంపలు తప్ప దాదాపు ఇంకేమీ తినకుండా 21 పౌండ్లు, అంటే తొమ్మిదిన్నర కిలోలు తగ్గారు. దుంప దానంతటది లావు చేయదని చూపడానికి ఆ ఉదాహరణ చాలు. మీరు మాత్రం అలా చేయకండి. దుంపలో విటమిన్ బి12 లేదు, విటమిన్ ఎ లేదనే చెప్పాలి, మంచి కొవ్వులు లేవు. వారానికి అరకిలో తగ్గినా అది మంచి వేగమే.

షుగర్ ఉన్నవాళ్లు వేడి వేడి మెత్తని దుంప ముద్దకు దూరంగా ఉండాలి, చక్కెర త్వరగా పెరుగుతుంది. చిన్న దుంప ఒకటి, అన్నానికి బదులుగా, పెరుగుతోనో పప్పుతోనో ఆకుకూరతోనో తిని, రెండు గంటల తర్వాత గ్లూకోమీటర్‌తో చూసుకోండి. మీ శరీరానికి ఎంత పడుతుందో ఆ అంకె చెబుతుంది. మందులు, ఇన్సులిన్ వాడుతుంటే అన్నం ఒక్కసారిగా తగ్గించేముందు డాక్టర్‌తో మాట్లాడండి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం పైన చెప్పిన ఉడికించే పద్ధతి పనికిరాదు. తొక్కతో ఆవిరికి ఉడికించిన దుంపలో పొటాషియం మొత్తం నిలిచి ఉంటుంది. పొటాషియం తగ్గించుకోమని చెప్పినవాళ్లు, పొటాషియం పెంచే రకం బీపీ మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగాకే తినాలి. డాక్టరు ఒప్పుకుంటే తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయడం వాళ్లకు చెప్పే పద్ధతి.

ఇవన్నీ పాటిస్తూ నాలుగు వారాలైనా బరువు కదలకపోతే దుంపను తీసేయకండి. ముందు ఆ నెలలో ఎన్ని నూనె ప్యాకెట్లు అయ్యాయో చూడండి. తర్వాత దుంప ఉన్న పూట అన్నం నిజంగా తగ్గిస్తున్నారా, లేక రెండూ పెట్టుకుంటున్నారా అని వారం రోజులు కాటా మీద కొలవండి. ఆ రెండూ సరిగానే ఉంటే టీలో చక్కెర, సాయంత్రం బిస్కెట్లు, సెలవు రోజు బిర్యానీ ఒక కాగితం మీద రాసుకుని చూడండి.